గుండు మీద గంధం

గంధం ఇంకా ఆరలేదు.

ఫెబా నున్నటి గుండు మీద, చెవుల వెనక, మెడ కిందిదాకా తడితడిగా పూసి ఉంది. ఒంటి మీద పదో తరగతి యూనిఫాం, భుజాన పుస్తకాల బ్యాగు. గుమ్మం దాటి వచ్చి హాలు మధ్యలో నిలబడింది. తల కప్పుకోవాలని గానీ, గదిలోకి పోయి దాక్కోవాలని గానీ ఆ పిల్లకు లేదు. చూసుకోండి అన్నట్టే నిలబడింది.

శాంసన్ టీవీ ఆపేశాడు.

"ఎవరు చేసిన్రు ఇది?"

ఆదివారం చర్చి నుంచి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పెడితే తిన్నది, లేపితే లేచింది, బడికి పోయింది, వచ్చింది. ఈ శుక్రవారం సాయంత్రం ట్యూషన్ నుంచి ఇలా వచ్చింది.

"నిన్నే అడుగుతున్న. నోట్ల మాట లేదా? ఎవరు చేసిన్రు?"

"పోశయ్య అంకుల్," అన్నది ఫెబా. "మెయిన్ రోడ్డు మీద సెలూన్ ఉంది గదా."

ఇన్ని రోజులకు కూతురి గొంతు విని దీవెన వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ గొంతు బొంగురుపోయి ఉంది, వేరే ఎవరిదో అన్నట్టు.

"ఆడపిల్లకు గుండు గీసిండా వాడు? అడగకుండ గీసిండా?"

"అడిగిండు. ముందుగాల గియ్యనన్నడు. మొక్కున్నదని చెప్పిన."

"ఏం మొక్కు?"

"గుట్ట మొక్కు. మా మమ్మీకి పాణం బాగలేదు, గుట్టదాంక పోనీకి అయితలేదు, ఇక్కడ్నే తీపిచ్చుకోమన్నది అని చెప్పిన. పాపం, ఆయన పైసలు గూడ తీస్కోలే. గంధం ఆయననే పూసిండు."

యాదగిరిగుట్ట బస్సు దిగి, గుండ్లతో, గంధాలతో ఉప్పల్ రింగురోడ్డు దాటే జనాన్ని ఈ బస్తీ రోజూ చూస్తుంది. ఆ తలకు అర్థమేమిటో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. ఫెబా సెలూన్ నుంచి ఇంటిదాకా నడిచే వచ్చింది. దారిలో చర్చికి వచ్చే ఇళ్లు ఎన్ని ఉన్నాయో శాంసన్ మనసులో లెక్కపెట్టుకుంటున్నాడని దీవెనకు అతని మొహం చూడగానే తెలిసిపోయింది.

"వచ్చే ఆదివారం నన్ను సంఘ పెద్దగా నిలబెడ్తున్నరు," అన్నాడు శాంసన్. గొంతు తగ్గించాడు. అతనికి కోపం ఎక్కువైతే గొంతు తగ్గుతుంది. "చర్చిల అయ్యగారు అందరి ముంగట నా పేరు చెప్తడు. ఈ మనిషి ఇల్లు మంచిగ ఏలుకుంటుండు అని చెప్తడు. నా ఇంట్లకెళ్లి గిది బయటికొస్తది. గుండు. గంధం."

సాలమ్మ లోపలి నుంచి తడిగుడ్డ పట్టుకొచ్చింది. శాంసన్ తల్లి. మోకాళ్ల నొప్పులతో నడవలేని మనిషి ఆ రెండు గదులూ పరుగులాగా దాటి వచ్చింది.

"రా బిడ్డా, తుడుస్త. ముందు గది తుడుచుకోవాలె. తరువాత మాట్లాడుకుందురు."

ఫెబా ఒక అడుగు వెనక్కి వేసింది.

"నువ్వు నా తల ముట్టకు నానమ్మా."

సాలమ్మ చేతిలో గుడ్డ నుంచి నీళ్లు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

"ఎందుకు చేసినవే?" అన్నది దీవెన. అరవాలనుకున్నది. మాట సగానికే విరిగింది. "నాకొక్క మాట చెప్పొద్దా?"

"చెప్పిన గదా నీకు. అంత నీకే చెప్పిన." ఫెబా తల్లి వైపు తిరిగింది. "నువ్వేమన్నవు? నీకు, నాకు, హిమజ మేడంకు తప్ప ఎవ్వలకు తెల్వదు అన్నవు. బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పినవు. ఆదివారం నువ్వు డ్యూటీకి పోయినవు. మైకుల నా పేరు పిలిచిన్రు మమ్మీ."

చెవి వెనక ఎడమవైపు అరచేయంత జాగా. వానాకాలం నుంచి ఫెబా చేయి అక్కడికే పోయేది. చదువుతూ, టీవీ చూస్తూ, నిద్దట్లో కూడా ఒక్కొక్క వెంట్రుకా పీకేసుకునేది. మొదట కొట్టి చూసింది దీవెన. ఏడ్చి చూసింది. చివరకు తను పనిచేసే మందుల ప్యాకింగ్ యూనిట్‌లో ఒకామె చెబితే, నాచారంలోనే ఉన్న కౌన్సెలింగ్ సెంటర్‌కు, హిమజ దగ్గరికి తీసుకుపోయింది. ఎవరికీ తెలియనియ్యవద్దని పిల్ల పెట్టిన షరతు ఒక్కటే. శనివారం శనివారం, స్పెషల్ క్లాసని ఇంట్లో అబద్ధం చెప్పి తీసుకుపోతూ వచ్చింది. ఈ మధ్యే ఆ జాగాలో సన్నగా నూగు మొలిచింది. దీవెన వేలితో తాకి చూసి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నది.

"ప్రార్థన చేసిన్రు, అంతే గద," అన్నాడు శాంసన్. "ఫెబా మనసు కుదుట పడాలె అని చేసిన్రు. అండ్ల తప్పేంది?"

"తప్పు లేదా డాడీ? ముంగటికి పిలిచిన్రు. మోకాళ్ల మీద కూసోవెట్టిన్రు. తలకు ప్రార్థన నూనె అంటాలె, చున్నీ తియ్యి అన్నది పాస్టరమ్మ. నేను తియ్యలే. గట్టిగ పట్టుకున్న." ఫెబా రెండు చేతులూ తల దగ్గర పట్టుకుని చూపించింది. అప్పుడు పట్టుకోవడానికి చున్నీ ఉంది. ఇప్పుడు గుండు ఉంది. "వెనకకెళ్లి ఎవరో గుంజిన్రు. చర్చి మొత్తం సూసింది. యూత్ పిల్లలు సూసిన్రు. మా ట్యూషన్‌ల ఉన్నోళ్లు ఇద్దరు సూసిన్రు. సోమవారం ట్యూషన్‌ల నా వెనక బెంచీల కూసొని, ఇంక ఎన్ని పీకినవే అని అడిగిన్రు."

దీవెనకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆదివారం ఓవర్‌టైం చేసి ఇంటికి వస్తే, ప్రార్థన బ్రహ్మాండంగా జరిగిందన్నారు. పిల్ల ఏడ్చిందంట, ఆత్మ కదిలిందన్నారు.

"గిప్పుడు సూడనీ," అన్నది ఫెబా. "మొత్తం పోయింది గదా. ఇగ యాడ పీకిన్నో ఎవ్వలకు కనపడది."

చున్నీ గుంజింది ఎవరని దీవెన అడగలేదు. అత్త మొహం చూసింది. సాలమ్మ తడిగుడ్డను రెండు చేతులతో పిండుతున్నది. అందులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

"అత్తమ్మా."

సాలమ్మ తల వంచుకున్నది.

"అత్తమ్మా, నేను ఫోన్ల మాట్లాడేది విన్నరా మీరు?"

"వింటే ఏందే?" సాలమ్మ తలెత్తింది. "నా చెవులు నా ఇంట్లనే ఉన్నయి. దిండు మీద వెంట్రుకలు దులిపింది నేను. ఎవరో పరాయిదానికి ఫోన్ చేసి, నా మనవరాలు గిట్ల చేస్తున్నది, గట్ల చేస్తున్నది అని నువ్వు చెప్పుకోవచ్చు. నేను నా దేవునికి చెప్పుకోవద్దా? పిల్ల కోసం ప్రార్థన చెయ్యమని పాస్టరమ్మకు అవసరత ఇచ్చిన. దొంగతనం చేసిన్నా?"

"చున్నీ గుంజిన్రు."

"నూనె తలకు అంటాలె గదా. చున్నీకి అంటితే ఏం పని చేస్తది?"

ఆ మాటలో మోసం లేదు, అదే దీవెనకు మంటెత్తించింది. ఈ ముసలామె నమ్మకంతోనే గుంజింది. ప్రేమతోనే గుంజింది. మళ్లీ అవసరమైతే మళ్లీ గుంజుతుంది.

"అవన్ని కాదు," అన్నాడు శాంసన్. "పిచ్చి డాక్టర్ కాడికి నా బిడ్డను నన్నడగకుండ తీస్కపోయింది ఎవరు? మీ అబ్బ సొమ్మా అది? గీ గుండు ఆ డాక్టర్ నేర్పిందే. రేపు పదకొండు గంటలకు అయ్యగారు, పెద్దలు ఇంటికొస్తున్నరు. ఇంట్లనే కూసొని ఉపవాస ప్రార్థన. ఆ నాచారం బంద్. ఇయ్యాల్టితోని బంద్."

"నేను కూసోను," అన్నది ఫెబా.

"కూసుంటవు."

"నూనె సీసా పగలగొడ్త."

శాంసన్ చెయ్యి లేచింది.

దీవెన ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. గంధం పూసిన ఆ తలకూ, మొగుడి చేతికీ మధ్య ఉంది.

"దించు," అన్నది. "దించు ఆ చెయ్యి. మొన్న వానలల్ల ఒక్కపారి లేపినవు. టిమోతి పోయిండు. ఇప్పుడు ఇది గూడ పోవాల్నా?"

ఆ పేరు ఆ ఇంట్లో వానాకాలం తరవాత వినబడడం ఇదే మొదటిసారి. కొడుకు కాలేజీ మానేసి మెకానిక్ షెడ్డులో చేరాడని తెలిసిన రోజు, చుట్టాల ముందు, అన్నం కంచం దగ్గర కొట్టాడు శాంసన్. ఆ పిల్లాడు చెయ్యి కడుక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా వానలో పోయాడు. మర్నాడు సాలమ్మ ఆ చెప్పులు కడిగి గోడవార పెట్టింది. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటి మీద ఎవరూ కాలు వేయరు, వాటిని ఎవరూ తీయరు.

శాంసన్ చెయ్యి దించాడు. బండి తాళాలు తీసుకుని బయటికి పోయాడు. వరండాలో వేలాడదీసిన క్రిస్మస్ నక్షత్రం అతని తలకు తగిలి చాలాసేపు ఊగింది.

ఫెబా గదిలోకి పోయి తలుపేసుకున్నది. దీవెన తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఫెబా. రేపు శనివారం."

"రాను. అక్కడేం చెప్పినా ఆదివారం మైకుల వస్తది."

"మేడం చెప్పలే బిడ్డా. నేను చెప్పలే."

"ఎవ్వలు చెప్పినా ఒకటే."

ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరి కంచం వాళ్లే కడుక్కున్నారు.

*

పొద్దున పాస్టరు అబ్రహాం అయ్యగారిని తీసుకురావడానికి బండి ఎక్కుతూ, శాంసన్ తల్లికి చెప్పాడు.

"అమ్మా, నేనొచ్చేదాంక వీళ్లను గడప దాటనియ్యకు."

సాలమ్మ తల ఊపింది. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూచున్నది.

బండి చప్పుడు సందు మలుపు తిరగ్గానే ఫెబా గది తలుపు తెరుచుకున్నది. స్వెట్టర్ వేసుకున్నది. తలకు మంకీ క్యాప్ తగిలించింది, నల్లది, అంచు దగ్గర ఎర్రగీత.

"ఆడికైనా పోదాం నడువు మమ్మీ," అన్నది. "లోపలికి మాత్రం రాను. బయట కూసుంట. ఇక్కడ ఉండను, అంతే."

దీవెన పర్సు తీసుకున్నది. "అత్తమ్మా, జరగండి."

"జరగ."

"జరగండి. పిల్లను నూనె సీసా ముంగట కూసోవెట్టి నేను సూసుకుంట కూసోలేను."

"నీకు దేవుని భయం లేకుంట పోయిందే."

"ఉన్నది. మీ కొడుకు భయమే పోయింది. అది పోనీకి మస్తు రోజులు పట్టింది. జరగండి అత్తమ్మా. ముసలి మనిషి అని సూడ, కుర్చీతోటే లేపి పక్కకు పెడ్త."

"పెట్టు సూద్దం. ప్యాకింగ్‌ల డబ్బాలు లేపినట్టు లేపు."

దీవెన నిజంగానే కుర్చీ చేతుల మీద చేతులు వేసింది. సాలమ్మ ఆమె మణికట్టు పట్టుకున్నది. అలా ఇద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు చూస్తూ ఉండిపోయారు. ఫెబా గోడకానుకుని, క్యాప్ అంచు లాక్కుంటున్నది. వేళ్లు చెవి వెనక్కి పోతున్నాయి. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేక, ఉన్ని పీకుతున్నాయి.

సాలమ్మ అది చూసింది. ఆ క్యాప్‌ను కూడా అప్పుడే చూసింది. అది టిమోతిదని ఆమెకు తెలుసు. పోయిన క్రిస్మస్‌కు ఉప్పల్ సంతలో బేరమాడి కొన్నది ఆమే.

"నేనుగూడ వస్త," అన్నది.

"ఎందుకు?"

"ఆమె ఎవరో సూస్త. గీ పిల్లను నా కడుపు మీద పండవెట్టుకొని పెంచిన. నాకు చెప్పని ముచ్చట ఆమెకేం చెప్పిందో, ఆమె మొకం మీద అడుగుత. నువ్వు ఆపుతవా?"

ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూచున్నారు. ఆటో ఉప్పల్ దాటి నాచారం మలుపు తిరిగింది. గతుకులకు సాలమ్మ మోకాలు ఫెబా మోకాలికి తగిలినప్పుడల్లా ఫెబా దూరం జరిగింది. జరగడానికి చోటు లేకపోయినా జరిగింది.

*

టైలర్ దుకాణం పక్కనున్న మెట్లెక్కితే సెంటర్. పెద్దలకు, పిల్లలకు, టీనేజ్ వారికి అని తలుపు మీద రాసి ఉంది. సాలమ్మ కూడబలుక్కుని చదివింది.

"పెద్దలకు గూడనా? పెద్దలకేం రోగం?"

దీవెన తలుపు తోసింది.

బయటి గదిలో నాలుగు కుర్చీలు, నీళ్ల క్యాన్. హిమజ లోపలి గదిలోంచి వచ్చింది. ముప్పై దాటని మనిషి, కాటన్ చీర, నుదుట చిన్న బొట్టు. ఫెబా క్యాప్ చూసింది. క్యాప్ కింద ఏముందో అడగలేదు.

"రా ఫెబా."

"రాను మేడం. ఊకనే వచ్చిన. ఇక్కడ కూసుంట."

"సరే. కూర్చో."

ఆ సరే అన్న మాటకు సాలమ్మకు ఒళ్లు మండింది.

"రానంటే సరే అంటవేంది? గిట్లనే చెప్పినవా దానికి గుండు గీపిచ్చుకోమని? ఏసయ్య బిడ్డకు బొట్టు పెట్టుకున్నదానివి నువ్వేం నేర్పుతవు? ఇంట్ల మేమంత సచ్చినమనుకున్నవా? తల్లి ఉన్నది, నాయిన ఉన్నడు, నేనున్న. మాకు చెప్పుకోనిది నీకేం చెప్పింది?"

"అత్తమ్మా," అన్నది దీవెన.

"నువ్వు నోరు మూస్కో. నేను ఆమెను అడుగుతున్న."

హిమజ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి మింగింది.

"ఫెబా నాకు చెప్పింది నేను మీకు చెప్పనమ్మా. వాళ్లమ్మ అడిగినా చెప్పలేదు. పిల్ల ప్రాణం మీదికి వస్తే తప్ప ఎవరికీ చెప్పను. మీకు నా మీద కోపం ఉంది కదా, ఇక్కడ నిలబడి ఎందుకు, లోపలికి రండి. ఫెబా టైం ఇది. ఫెబా ఇస్తే మీరు మాట్లాడొచ్చు."

అందరూ ఫెబా వైపు చూశారు. ఫెబా భుజాలు ఎగరేసింది.

"తీస్కోనీ. తిట్టాలనే వచ్చింది గదా. తిట్టనీ."

సాలమ్మ కొంగు బిగించుకుని లోపలికి పోయింది. హిమజ తలుపు పక్కనున్న టేబుల్ ఫ్యాన్ స్విచ్ వేసింది. అది రేకు డబ్బాలాగా మోత మొదలుపెట్టింది.

"చలికాలంల ఫ్యానెందుకే?" సాలమ్మ గొంతు.

"మాటలు బయటికి పోకుండా."

తలుపు పడింది.

మొదట సాలమ్మ గొంతు ఫ్యాను మోతను మించి వినిపించింది. మాటలు తెలియలేదు, కోపం తెలిసింది. కింద టైలర్ మిషన్లు, పైన ఆ ఫ్యాను, మధ్యలో ఆ గొంతు ఎగసి ఎగసి పడింది. తరవాత తగ్గింది. ఆ తరవాత ఫ్యాను ఒక్కటే వినిపించింది.

దీవెన కుర్చీ అంచున కూచున్నది. ఆమె కోపం ఇంకా ఎక్కడికీ పోలేదు. దవడలు నొప్పి పుడుతున్నాయి. ఆ తలుపు తోసుకుని పోయి, ఏం చెప్తున్నరు, ఎవరి మీద చెప్తున్నరు అని అడగాలని ఉంది. తన మీదే చెబుతున్నదేమో. కొడుకును ఆపలేకపోయిందని చెబుతున్నదేమో. ఆ రోజు తను అన్నం వడ్డిస్తూ, గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది కదా.

"నానమ్మ ఏం చెప్తుండొచ్చు?" అన్నది ఫెబా. ఆమె చెవి తలుపు వైపే ఉంది.

"తెల్వది."

"ఏడుస్తున్నదా?"

"తెల్వదే. అడగొద్దు కూడ. లోపల చెప్పింది లోపల్నే ఉండాలె."

అనేశాక, ఆ మాట ఎవరిదో దీవెనకు గుర్తొచ్చింది. మొదటి శనివారం హిమజ చెప్పినప్పుడు తనకు ఇలాగే కడుపు మండింది. కన్నతల్లికి తెలియకూడని ముచ్చట ఏముంటుందని.

ఫెబా తల్లి వైపు జరిగింది.

"నీకు గూడ తెల్సుకోవాలనిపించిందా, నేను లోపలున్నప్పుడు?"

"ప్రతి శనివారం."

"అయినా అడగలే."

"అడగలే."

క్యాప్ పైకి జరుపుకుని గుండు గోక్కున్నది. గంధం ఎండి పొలుసులుగా రాలింది.

తలుపు తెరుచుకునేసరికి చాలాసేపే అయింది. సాలమ్మ బయటికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, కొంగు తడిసి ఉంది. ఎవరి వైపూ చూడకుండా క్యాన్ దగ్గరికి పోయి నీళ్లు తాగింది. కుర్చీలో కూలబడింది.

"ఏం చెప్పినవ్ నానమ్మా?" అన్నది ఫెబా.

"నీకెందుకే?"

"తిట్టినవా మేడంను?"

"నా ముచ్చట నాది. చెప్పుకున్న, అయిపోయింది. నీకు చెప్పాల్నా, ఊరందరికి చెప్పాల్నా?"

అన్నాక సాలమ్మ నోరు అలాగే ఉండిపోయింది. తన మాట తన చెవికే తగిలినట్టు, ఆ గుండు వైపు చూసింది. చేయి లేచింది. తల దాకా పోలేదు. దగ్గరలో ఆగి, మళ్లీ ఒళ్లోకి వచ్చింది.

"ముట్టుకోనీకి అడుగుతున్న బిడ్డా," అన్నది.

"వద్దు," అన్నది ఫెబా. "ఇప్పుడు వద్దు."

"సరే."

ఫెబా లేచింది. మంకీ క్యాప్ తీసి నానమ్మ ఒళ్లో పెట్టింది. బోడి తలతోనే లోపలికి నడిచి, తలుపు తనే వేసుకున్నది. ఫ్యాను మోత మళ్లీ మొదలైంది.

అప్పుడు దీవెన ఫోన్ మోగింది.

శాంసన్.

ఎత్తకపోవచ్చు. ఇన్ని శనివారాలూ ఎత్తలేదు, స్పెషల్ క్లాసులో ఉన్నామని తరవాత చెప్పింది. ఈసారి ఎత్తింది.

"ఇంటికి తాళం ఏంది?" అతని గొంతు బాగా తగ్గి ఉంది. "అయ్యగారు గేటు కాడ నిలబడ్డరు. పెద్దలు నిలబడ్డరు. ఎక్కడున్నరు మీరు?"

"నాచారంల ఉన్నం. పిల్ల లోపలున్నది."

"నేను బంద్ అన్న."

"విన్న."

"విని పోయినవా? అమ్మకియ్యి ఫోన్."

సాలమ్మ చెయ్యి చాపి తీసుకున్నది.

"శాంసనా, నేనే తోల్కొచ్చిన. కోడల్నేం అనకు. దాటనియ్యకు అన్నవు, నేనే దాటిన."

అవతల ఏమన్నాడో దీవెనకు వినిపించలేదు. సాలమ్మ కళ్లు మూసుకుని వింటున్నది. తరవాత ఫోన్ కోడలికి ఇచ్చేసింది.

"అడ్రస్ చెప్పు," అంటున్నాడు శాంసన్. "చెప్తవా, నన్ను నాచారం మొత్తం తిరగమంటవా?"

"దాచుడెందుకు? మెయిన్ రోడ్డు మీద, టైలర్ దుకాణం పైన. రా. ఇక్కడ నీకుగూడ కుర్చీ ఉన్నది. పెద్దలకుగూడ చూస్తరంట. కని ఒక్కనివే రా ఫెబా నాయినా. ఒక్కనివే రా."

"అందరం వస్తున్నం. అయ్యగారి కార్ల వస్తున్నం."

ఫోన్ పెట్టేశాడు.

దీవెన తలుపు వైపు చూసింది. లోపల ఫెబా గొంతు సన్నగా, ఆగి ఆగి వినిపిస్తున్నది. మాటలు ఫ్యానులో కలిసిపోతున్నాయి. ఆదివారం తరవాత ఆ పిల్ల అంతసేపు మాట్లాడడం ఇదే మొదటిసారి.

దీవెన తన కుర్చీ లాగి ఆ తలుపుకు అడ్డంగా వేసి కూచున్నది.

సాలమ్మ కాసేపు ఆమెను చూసింది. మోకాళ్లు పట్టుకుని లేచింది. తన కుర్చీ ఈడ్చుకొచ్చి, కోడలి కుర్చీకి ఆనించి వేసుకున్నది. మంకీ క్యాప్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"నూనె సీసా తెస్తరా?" అన్నది.

"తెస్తరు."

"తేనీ. పిల్ల టైం అయ్యేదాంక బయట్నే పెట్టుమంట."

"అయ్యగారికే చెప్తరా మీరు?"

"ఎందుకు చెప్ప? ప్రార్థనకు దీని పేరిచ్చింది నేనే గద."

"మీ మీద నాకింక కోపం పోలేదు అత్తమ్మా."

"పోకపోతె పోకపాయె. జర జరుగు, నా కాలు పడ్తలేదు."

కింద మిషన్ల చప్పుడు ఆగింది. కారు తలుపులు ఒకటొకటిగా పడ్డాయి. టైలర్‌ను ఎవరో దారి అడిగారు.

ఇద్దరూ కుర్చీల్లో నిటారుగా కూచున్నారు. వీపుల వెనక తలుపుకు అవతల ఫెబా ఏదో చెబుతూనే ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. అది ఒక్క మనిషిది కాదు.